మాట అందించేదాన్ని

నాటకం చూసినవాళ్ళకి రాజు గుర్తుంటాడు, రాణి గుర్తుంటుంది, ఆఖరికి వెనక నిలబడి చామరం వీచే ఆవిడ కూడా గుర్తుంటుంది. తెర పక్కన చీకట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చునే మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మనిషిని నేను. వేషం కట్టినవాళ్ళకి మాట తట్టకపోతే చాటు నుంచి మెల్లగా చెప్పడం నా పని. మా నాటక సమాజంలో దాన్ని అందించడం అనేవాళ్ళు, దాహమేసినవాడికి మంచినీళ్ళు అందించినట్టు.

నాకు పెద్ద చదువు లేదు. కూడబలుక్కుని చదువుతాను, అంతే. కానీ ఒకసారి చెవిన పడ్డ మాట నన్ను వదిలిపోదు. నాటకం రాసినాయన రిహార్సల్లో చదువుతుంటే, నేనో మూల కుట్టుమిషన్ ముందు కూర్చుని రాజుగారి అంగీ కుడుతూ వినేదాన్ని. అంగీ పూర్తయ్యేసరికి నాటకమూ నోటికి వచ్చేసేది. మా అమ్మ ఆఖరిసారి కట్టుకున్న చీర అంచు రంగు, మా అమ్మాయి మొదటిసారి అబద్ధమాడినప్పుడు ఎటు చూసిందో, ఏ పేరంటంలో ఎవరు నన్ను ఏమన్నారో, అన్నీ ఉన్నాయి నా దగ్గర. మరిచిపోతే బాగుండును అనుకున్నవి కూడా పోలేదు.

ఆ రాజు మా ఆయనే. పగలు ఇళ్ళ వెంట తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునేవారు. సాయంత్రం సింహాసనం ఎక్కేవారు. పేటలో అందరూ మహారాజు అనే పిలిచేవాళ్ళు. గొంతు అలాంటిది. ఆయన మాట్లాడుతుంటే చివరి బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చోవాల్సిందే. కానీ మాట మరిచిపోవడం ఆయనకి వయసులో ఉన్నప్పుడే ఉంది. దానికో ఉపాయం పెట్టుకున్నారు. ఎక్కడైనా మాట అందకపోతే, కత్తి పిడి మీద చెయ్యి వేసి, ఎడమవైపు తిరిగి, "ఎవరక్కడ?" అని గర్జించేవారు. జనం రాజు భటుణ్ణి పిలుస్తున్నాడనుకునేవాళ్ళు. భటుడి వేషం వేసినవాడు, ఇది తన వంతు కాదే అని బిక్కమొహం వేసుకుని నిలబడేవాడు. పిలుపు వాడికి కాదు, నాకు. నేను గొంతు పెగలనివ్వకుండా పెదవులు కదిపేదాన్ని. ఆయన చూసి అందుకునేవారు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఇంట్లోనూ అదే అలవాటు. "ఎవరక్కడ? నా కళ్ళజోడేదీ?"

"మీ నెత్తి మీదే ఉంది ప్రభూ" అనేదాన్ని.

అది సరదాగానే గడిచిపోయింది, ఆ మతిమరుపు ముదిరేదాకా. పక్కింటాయన పోతే పొద్దున్న వెళ్ళి పలకరించి వచ్చారు. సాయంత్రం మళ్ళీ చెప్పులేసుకుని, "పాపం, ఆయన పోయారటగా, ఓసారి వెళ్ళొద్దాం పద" అన్నారు. నేను ఆ చెప్పులు విప్పించి, ఏదో చెప్పి కూర్చోబెట్టాను. ఇలాంటివి ఒకటి తరవాత ఒకటి. మందుల దుకాణంలో పనిచేసే మా అమ్మాయి ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంకా మొదట్లోనే ఉంది, భయపడాల్సినంత లేదు అన్నారు అక్కడి డాక్టర్లు. ఇలాంటి పెద్దవాళ్ళ మీద ఒక కొత్త వైద్యం చేసి చూస్తున్నామని, ఇష్టమైతే చేరవచ్చని కూడా అన్నారు.

"కొయ్యడం లేదు, సూది లేదు, మత్తు లేదమ్మా" అంది మా అమ్మాయి. "తలకి టోపీలాంటిది పెట్టి కాస్త కరెంటు పంపిస్తారట, అంతే."

"జన్మంతా నేను జనం ఇళ్ళల్లో మీటర్లు చూశాను. ఇప్పుడు నాకే మీటరు పెడతారన్నమాట" అన్నారు మా ఆయన. కానీ ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో నాకు తెలుసు. మా సమాజం నాటకాలాడే హాలు పడగొడుతున్నారు. పడగొట్టే ముందు పాత నాటకం ఒకటి ఆఖరిసారి వేస్తామని సెక్రటరీ ఇంటికొచ్చి చెప్పాడు.

"రాజు వేషం మీరే కట్టాలని అందరికీ ఉంది మహారాజా. మరి వంట్లో ఎలా ఉందో ఏమో. డాక్టర్లు సరేనంటే మీరే. లేకపోతే మా బావమరిది కట్టేస్తాడు."

"మీ బావమరిది గొంతు విజిలేస్తున్నట్టుంటుంది" అన్నారు ఈయన. సెక్రటరీ నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఈయన అన్నం సరిగ్గా తినలేదు. ఇంకొకడు ఆ సింహాసనం మీద కూర్చుంటే ఆయన బతకలేరని నాకు అర్థమైంది.

ఆసుపత్రిలో ఆ గది చిన్నది. కిటికీకి నీలం తెర, వెనక్కి వాలే కుర్చీ ఒకటి, టీవీలాంటిదొకటి, గోడ పక్కన నాకో స్టూలు. ఒక అమ్మాయి ఉప్పునీళ్ళలో స్పాంజి ముక్కలు తడిపి టోపీలో అమర్చి, ఆయన తలకి బిగించేది. ఆ పిల్లని టోపీ అమ్మాయి అనేవాళ్ళం.

"చీమలు పాకినట్టు ఉంటుంది తాతగారూ, మంటగా ఉంటే వెంటనే చెప్పండి" అనేది.

"మా సమాజంవాళ్ళ అట్ట కిరీటం చెవుల మీదికి జారేది. జీవితంలో నాకు సరిపోయిన కిరీటం ఇదేనమ్మా" అనేవారు ఈయన. ఆ పిల్ల పకపకా నవ్వేది. కరెంటు నడుస్తున్నంతసేపూ ఆ టీవీ తెర మీద బొమ్మలకి జతలు కలపాలి. ముందూ వెనకా ఒక పరీక్ష. ఐదు మాటలు చెబుతుంది, కాసేపయ్యాక అవే తిరిగి చెప్పాలి. గొడుగు, నిమ్మకాయ, వంతెన, దువ్వెన, నీలం. ఎప్పుడు వెళ్ళినా ఆ ఐదే.

మొదటిసారి గొడుగు అన్నారు, ఆగిపోయారు. టోపీ అమ్మాయి టీవీ తెర వంక చూస్తూ, "తొందర లేదు తాతగారూ, ఆలోచించండి" అంది. ఈయన ఎడమవైపు తిరిగారు. అక్కడ స్టూలు మీద నేనున్నాను. "ఎవరక్కడ?" అన్నారు, నవ్వుతాలుగా అన్నట్టు. ఆ పిల్ల నవ్వింది. నా పెదవులు కదిలాయి. కదిపానో, వాటంతటవే కదిలాయో చెప్పలేను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చెయ్యి దానంతటదే వెళ్ళదూ, అలాంటిదే. ఆయన మిగతా నాలుగూ గడగడా చెప్పేశారు.

రాను రాను ఆ వైద్యం చూస్తున్న డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "బాగా మార్పు కనిపిస్తోంది. అందరికీ ఇలా పనిచెయ్యదు, ఎంతకాలం ఉంటుందో కూడా చెప్పలేం. మీకు మాత్రం బాగుంది" అంది.

వరండాలో ఆవిడ వెనకాలే వెళ్ళి చెప్పాను. "ఆ మాటలు నేనే అందిస్తున్నానేమోనమ్మా. నాకు తెలియకుండానే పెదవి కదులుతుంది. నా బతుకంతా అదే పని."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అయితే ఈసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకోండి, చూద్దాం" అంది. మంచావిడే, నా మాట తీసిపారెయ్యలేదు. కానీ మా ఆయన వెనకే వస్తున్నారు. అంతా విన్నారు.

ఇంటికొచ్చి చెప్పులు విసిరేశారు.

"నా బుర్ర బాగుపడటం నీకిష్టం లేదు."

"అదేం మాటండీ."

"నేను బాగుపడితే నీకు పనుండదు. అదీ నీ ఏడుపు. ఇన్నేళ్ళూ ఇద్దరం కలిసి నాటకమాడామని అనుకుంటున్నావు నువ్వు. పీట మీద కూర్చుని నసిగేదానివి. జనం వచ్చింది నా గొంతు కోసం."

ఏ మాటైనా నాకు పోదని చెప్పానుగా. ఇదీ పోలేదు. అప్పుడు పంపులోంచి బకెట్లోకి నీళ్ళు పడుతున్నాయి. నేను వెళ్ళి పంపు కట్టేశాను. ఆయనకి ఆ మాట మర్నాటికే గుర్తులేదు. కాఫీ తాగుతూ, "ఏమే, మొహం అలా పెట్టుకున్నావేం?" అని అడిగారు.

తరవాతిసారి నోటి మీద కొంగు నొక్కిపట్టుకుని కూర్చున్నాను. ఆయన నా వంక చూడనే లేదు. గొడుగు, నిమ్మకాయ, వంతెన, దువ్వెన, నీలం అని గోడకి మేకు కొట్టినట్టు చెప్పారు. టోపీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన నావైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి ఆ సిగ్గు పోయి సంతోషం కూడా వచ్చింది, నిజం చెప్పొద్దూ. నాతో పని లేకపోతే పోనీ, మనిషి నిలబడ్డాడు కదా అనుకున్నాను.

రాజు వేషం ఆయనకే ఇచ్చారు. రిహార్సల్స్‌కి నన్ను రానివ్వలేదు. "అందించడానికి ఎవరూ వద్దు. పీట కూడా తీసెయ్యండి" అని సెక్రటరీకి గట్టిగా చెప్పారట. ఎలా వస్తోంది బాబూ అని నేను చాటుగా అడిగితే, "అక్కడక్కడ తడబడుతున్నారు పిన్నిగారూ. మొహానికి రంగు పూస్తే, నెత్తిన కిరీటం పెడితే అదే వస్తుంది" అన్నాడు సెక్రటరీ.

నాటకం నాడు పెట్టెలోంచి మంచి చీర ఆయనే తీసిచ్చారు. "దర్జాగా ముందు కూర్చుని చూడు. ఎన్నడైనా నన్ను ఎదుటి నుంచి చూశావా?" అన్నారు. నిజమే, చూడలేదు. ఎప్పుడూ ఆయన ఎడమ చెంపే నాకు తెలుసు.

మూడో వరసలో కూర్చున్నాం, ఒకపక్క మా అమ్మాయి, ఇంకోపక్క డాక్టరమ్మ. ఆవిడ ముచ్చటపడి వచ్చింది. తెర లేచింది. అబ్బ, ఎదుటి నుంచి ఎంత బాగున్నారనీ. నేను కుట్టిన అంగీయే. గొంతు కాస్త బొంగురుపోయినా హాలు దద్దరిల్లిపోయింది. చిన్న చిన్న తడబాట్లు పక్క వేషాలవాళ్ళు సర్దేశారు. అలా ఆఖరి రంగం దాకా వచ్చాం.

ఆ రంగంలో రాజు యుద్ధంలో ఓడి ఒంటరిగా తిరిగొస్తాడు. కొలువులో ఒక్కరూ ఉండరు. ఖాళీ ఆసనాలతో మాట్లాడతాడు. సర్దడానికి పక్కన ఎవరూ ఉండరు. బాగానే మొదలుపెట్టారు. సింహాసనం దగ్గరికొచ్చి దాని చెయ్యి నిమిరారు. ఆగిపోయారు.

జనం అది నటనే అనుకున్నారు. నేను అనుకోలేదు. ఆయన మెడ నాకు తెలుసు.

కత్తి పిడి మీద చెయ్యి వేశారు. ఎడమవైపు తిరిగారు. "ఎవరక్కడ?"

అక్కడెవరూ లేరు. పీట కూడా లేదు.

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. "ఈ సింహాసనం మీద నేను కూర్చున్నానా, ఇన్నేళ్ళూ ఇదే నా మీద కూర్చుందా?" పెదవులు కదుపుతూనే ఉన్నాను. ఆయన చూపు ఇటు లేదు. ఉన్నా, కళ్ళలో పడే ఆ దీపాల వెలుగులో మూడో వరస కనపడదు.

"ఎవరక్కడ?" అన్నారు మళ్ళీ. ఈసారి రాజు గొంతు కాదు. మా ఇంట్లో చీకట్లో స్విచ్చి కోసం తడుముకునేటప్పటి గొంతు.

నేను లేవబోయాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండండమ్మా, అందించకండి. ఆయన్నే గుర్తు తెచ్చుకోనివ్వండి" అంది, ఎంతో ప్రేమగా.

అప్పుడు ఆయన మొహం తేటపడింది. దొరికింది. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఖాళీ కొలువంతా కలయజూసి, ఒక్కొక్క ఆసనానికి ఒక్కొక్క మాట చొప్పున, చివరి బెంచీ దాకా వినపడేటట్టు అన్నారు.

"గొడుగు. నిమ్మకాయ. వంతెన. దువ్వెన." చివరిది సింహాసనానికి, చాలా మెల్లగా. "నీలం."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఓడిపోయిన రాజుకి మతి చలించిందని అర్థం చేసుకున్నారు కాబోలు, అందరూ లేచి నిలబడి కొట్టారు. సెక్రటరీ తెర దించేశాడు. మా అమ్మాయి మొహం చేతుల్లో పెట్టుకుంది. డాక్టరమ్మ కూడా చప్పట్లు కొడుతోంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా చెవిలో, "ఐదూ అన్నారమ్మా, వరస కూడా తప్పలేదు" అంది. సంతోషమో, ఓదార్పో, ఆవిడకైనా తెలుసో లేదో.

నేను వెనక్కి వెళ్ళాను. ఆయన అద్దం ముందు కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. ఇంకా చప్పట్లు వినపడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడుకి ఆయన మొహం పసిపిల్లాడిలా వెలిగిపోతోంది. నేను వంగి అంగీ వెనక పిన్నీసులు తీస్తున్నాను.

"ఏమే, ఆ ఆఖరి మాటలు ఎవరందించారు?" అని అడిగారు.

"ఎవరూ అందించలేదండీ. మీరే అన్నారు."

అద్దంలోంచి నా వంక చూశారు.

"చూశావా మరి" అన్నారు. "నువ్వు లేకపోయినా వచ్చింది."

పిన్నీసులన్నీ నోట్లో పెట్టుకున్నాను, ఇంకేమీ అనే వీలు లేకుండా.