బంగారు బాయి మీది ఇల్లు

చెన్నూరుకు అవతల, అడవి అంచున ఉన్న పసిడిగుట్టలో ఒకప్పుడు బంగారం తవ్వేవారు. గుట్ట చుట్టూ కూలీల గుడిసెలు లేచాయి, గుడిసెలు వాడలయ్యాయి, అంగడి మొదలైంది. ఒక వానాకాలం ఆ గనిలోకి, జనం మాటలో బంగారు బాయిలోకి, నీళ్లు దూకాయి. లోపలికి దిగినవాళ్లలో కొందరు మళ్లీ పైకి రాలేదు. బంగారు బాయి మూతపడింది. దాన్ని పైపైన మట్టితో పూడ్చి, ఆ మట్టి మీదే జనం ఇళ్లు కట్టుకున్నారు.

అలాంటి ఒక ఇంట్లో బాలలక్ష్మి, ఆమె అత్త పోశవ్వ ఉంటున్నారు. బాలలక్ష్మి భర్త మస్కట్‌లో పనిచేస్తున్నాడు.

ముసురు పట్టిన ఒక పొద్దున, రొట్టెలు చేస్తున్న బాలలక్ష్మికి పొయ్యి కింద నుంచి ఏదో చప్పుడు వినిపించింది. నేలకు చెవి ఆనించింది. లోపల నీళ్లు పారుతున్నాయి. పెరట్లోకి వెళ్లి చేదబావిలోకి చూస్తే, నిన్న నిండుగా ఉన్న నీళ్లు లేవు. అడుగున బురద మాత్రం ఉంది.

పక్కింటి వాహెద్‌ను పిలిచింది. అతని తాత ఆ బాయిలో పనిచేసి, లోపలే ఉండిపోయాడు; ఆ సంగతులు అతనికి నాయనమ్మ చెప్పేది. వాహెద్ బావిలోకి తొంగిచూసి చప్పున వెనక్కి జరిగాడు.

“బిడ్డా, సామాన్లు ఇడిచిపెట్టు. మీ అత్తను తీస్కొని బయటికి రా. సొరంగం గీ వాడ కిందికెల్లే పోతదని మా దాదీ చెప్తుండె.”

పోశవ్వ మంచం దిగలేదు. “నేను రాను. మీ మామ పోయింది గీ ఇంట్లనే. నన్ను గూడ గీడనే పోనియ్యి.”

“అత్తా, నాకు భయమైతుంది. నీకు దండం పెడ్త, లే.”

అంతలోనే వంటింటి గోడ నిలువునా చీలింది. పొయ్యి, పెనం, గూట్లోని గిన్నెలు కళ్లముందే కిందికి జారిపోయాయి. అవి అడుగున పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వినిపించింది. బాలలక్ష్మి అత్తను వీపున వేసుకుంది. వాహెద్ గడపలో నిలబడి చెయ్యి అందించాడు. వాకిలి దాటుతుంటే కాళ్ల కింద నేల మెత్తగా కదిలింది.

వాడంతా బడిలోకి చేరింది. సాయంత్రానికి ఇల్లున్న చోట నల్లటి గుంత మిగిలింది. భర్త ఫోన్ చేసి తల్లి గురించి, “అవ్వ మంచిగున్నదా?” అని అడిగాడు. “మంచిగనే ఉన్నది,” అంది బాలలక్ష్మి. ఇల్లు పోయిన సంగతి చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది.

పోశవ్వ కోడలి కొంగు వదలలేదు. చాప పరిచినా ఒరగలేదు.

“గీ బడి కింద ఏమున్నదో అడుగు బిడ్డా,” అంది.

బాలలక్ష్మి వాహెద్ వైపు చూసింది. అతను తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.