తడిగోడ మీద దమయంతి ఆంటీ

అమెరికాలో నోవై అనే ఊరి గుడి హాల్లో గజేంద్రమోక్షం గీయడానికి స్పందన నిచ్చెనెక్కిందంటే ఊరికే కాదు. ఆ గోడే ఆమె మాస్టర్స్ ప్రాజెక్టు. గోడ పోతే డిగ్రీ గోవిందా.

పద్ధతి ఇటలీది. ఐదారు వందల ఏళ్ల కిందట అక్కడి చర్చి గోడల మీద చేసినట్టే, ఆ పూటకు సరిపడా సున్నం మెత్తాలి, తడి ఆరేలోపు రంగు వేసేయాలి. ఆరాక దిద్దాలంటే ఉలితో చెక్కి మళ్లీ మెత్తడమే. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ గుడి కమిటీని ఒప్పించే ఉత్సాహంలో, "అక్కడ గోడకి డొనేట్ చేసినవాళ్లని కూడా దేవుడి పక్కన దణ్ణం పెడుతున్నట్టు వేసేవాళ్లండీ" అని నోరు జారింది. ఇక చూడండి! గోడ ఖర్చంతా పెట్టుకున్న దమయంతి ఆంటీ మర్నాడే పట్టుచీర కట్టుకుని దిగిపోయింది.

"శాంతంగా కనబడాలి తల్లీ, స్మైల్ కొంచెం చాలు," అంటూ కూర్చుంది. శాంతమా? ఆ నోరు మూతపడితే కదా! కోడలి కొత్త కారు, ఇండియన్ స్టోర్‌లో వాడిపోయిన దొండకాయలు, ఒకటా రెండా! బయట మంచు కురుస్తున్నా సున్నం మాత్రం చకచకా ఆరిపోతోంది. ఎందుకో స్పందనకు అంతుపట్టలేదు.

"ఆంటీ, ప్లీజ్, ఒక్క నిమిషం నోరు మూ... మాట్లాడకండి!"

"నేనెక్కడ మాట్లాడుతున్నానమ్మా?"

స్పందనకు ఒళ్లు మండింది. కనబడ్డది కనబడ్డట్టు వేసి పారేసింది. కోపం చల్లారాక చూసుకుంటే, బొమ్మలో మిగతా భక్తులందరూ బుద్ధిగా చేతులు జోడించి నిలబడ్డారు, ఆంటీ ఒక్కతే ఇంత నోరు తెరుచుకుని ఉంది. వేలితో తాకి చూసింది. గోడ ఆరిపోయింది.

ఆదివారం కమిటీ ప్రెసిడెంట్ హనుమయ్య గారు గోడ చూసి కళ్లజోడు సవరించుకున్నారు. "ఇదేంటమ్మా, ఆవిడ అరుస్తున్నట్టుంది? పరువు పోతుంది. చెక్కించేద్దాం."

స్పందనకు ఏడుపొక్కటే తక్కువ. దమయంతి ఆంటీ గోడ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. కింద మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు, పైన మబ్బుల్లో ఇంకా దూరంగానే ఉన్న స్వామి, మధ్యలో తను.

"దీని మీద ఎవరైనా చెయ్యేస్తే ఊరుకోను," అంది. "ఏనుగు ప్రాణం పోతుంటే వీళ్లంతా దణ్ణాలు పెట్టుకుని చూస్తున్నారు. స్వామిని గట్టిగా పిలుస్తున్నది నేనొక్కదాన్నేగా!"

హనుమయ్య గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆంటీ స్పందన దగ్గరికొచ్చి చెవిలో అంది:

"ఆ రోజు చలేసి హీటర్ పెంచింది నేనే తల్లీ. ఎవరికీ చెప్పకు."

ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం స్పందన వినడం అదే మొదటిసారి.