అలల ఎత్తు చెప్పే పిల్ల

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. బోటు నిండా చేపలు పడినా, ఒడ్డున ఎవరైనా "ఏం పడ్డాయి?" అంటే "ఏదో, కూరకొచ్చాయి" అనాలి. ఉన్నదున్నట్టు చెబితే దిష్టి తగిలి మరునాడు వల ఖాళీగా వస్తుందని భయం. మా ఆయన నరసింహం వేటకు వెళ్తాడు, నేను ఎండుచేపలు అమ్ముతాను. ఇరవై ఏళ్ళుగా ఆ మాటే అంటున్నాను.

మా రోజా బందరులో ఇంటర్ పూర్తి చేసింది. విశాఖపట్నంలో డిగ్రీ చదవాలని దాని పట్టు. ఒక ట్రస్టువాళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తేనే అది జరిగేది. దానికి తన గురించి రెండు పేజీలు రాసి పంపాలట. రాసింది నాకు చదివి వినిపించింది. మేం పేదవాళ్ళం, నాన్న సముద్రం మీదికి వెళ్తాడు, తుఫానులొస్తాయి, అమ్మ కష్టపడుతుంది. నాకు కన్నీళ్ళాగలేదు. ఇంకేం కావాలి, ఇచ్చేస్తారు అనుకున్నాను.

వాళ్ళ టీచరు ప్రసన్నలక్ష్మి గారు మాత్రం కాగితం తిరిగిచ్చేశారట. "తుఫాను ఉంది, అమ్మ ఉంది. ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నారట.

మూడు రోజులు కూర్చుని మళ్ళీ రాసింది. ఈసారి మూడేళ్ళుగా రోజూ సాయంత్రం తను చేస్తున్న పని గురించి. వాతావరణం కబురు ఫోనులో ఇంగ్లీషులో, మీటర్ల లెక్కన వస్తుంది. మీటర్లంటే మా వాళ్ళకేం తెలుసు? మా రోజా దాన్ని రామాలయం మైకులో "రేపు అల మనిషెత్తు దాటుతుంది, చిన్న బోట్లు ఆగండి" అని చెబుతుంది. మొదట్లో మగాళ్ళు "సముద్రం నీ క్లాస్‌మేటా?" అని నవ్వారు. మొన్న కార్తీకంలో దాని మాట విని పదకొండు బోట్లు ఆగాయి. తెల్లారేసరికి గాలి విరుచుకుపడింది.

"ఇవన్నీ రాయకే తల్లీ. నాన్న నీళ్ళ మీదున్నాడు," అన్నాను.

"గొప్ప చెప్పుకోవడం లేదమ్మా, జరిగింది చెబుతున్నాను." పేదరికం గురించి రాసిన వాక్యాలు ఒక్కొక్కటే కొట్టేసింది. "మనం ఏడుస్తూ బతకట్లేదుగా."

ఐదో తరగతితో ఆగిన నాకు, ఒక పిల్ల తన ఏడుపును తానే కొట్టేయడం చూస్తే ఒళ్ళు ఝల్లుమంది.

పంపిన రెండు వారాలకు నేను గుడివాడ మార్కెట్లో ఉండగా ఫోనొచ్చింది.

"రోజా వాళ్ళ అమ్మగారాండీ? ట్రస్టు నుంచి. మీ అమ్మాయి మైకులో వాతావరణం చెబుతుందట, నిజమేనా? బోట్లు ఆగుతాయా?"

నా నోరు దానంతటదే అనేసింది. "అబ్బే, ఏం లేదండీ. చిన్నపిల్ల, ఏదో సరదాకి. ఎవరు వింటారండీ దాని మాట!"

"అలాగా," అని ఆవిడ పెట్టేసింది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఎండుచేపల గంప పక్కనే కూర్చుండిపోయాను. పక్కన ఉల్లిపాయలమ్మే ఖైరున్ బీ అంతా వింది. రోజా రాసి పంపిన సంగతి తనకు ముందే చెప్పాను.

"చేపలకి చెప్పే మాట బిడ్డకి చెప్పావేంటక్కా? నీ కూతురు అబద్ధం రాసిందనుకుంటారు వాళ్ళు!"

"అయిపోయింది ఖైరున్. దాని నోట్లో మట్టి కొట్టాను."

"ఏడుపు తర్వాత. మళ్ళీ ఫోను చెయ్యి."

"ఎత్తకపోతే?"

"ఇంకోసారి చెయ్యి. ఇందాక రెండు రూపాయల కోసం బేరమాడిన ఆ మీసాలాయన మీద అరిచిన నోరేనా ఇది?"

చేశాను. ఎత్తారు.

"అమ్మా, ఇందాక తప్పు చెప్పానండీ. మా వైపు మంచి జరిగితే బయటికి చెప్పమండి, దిష్టని. అది రాసిందంతా నిజం. మూడేళ్ళలో ఒక్క సాయంత్రం మానలేదు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకునెళ్ళి చెప్పింది. పదకొండు బోట్లు ఆగినాయండీ. అందులో మా ఆయన బోటొకటి. నా కూతురు చెప్పబట్టే నా ఇంట్లో మనిషున్నాడండీ." మార్కెట్ అంతా వినేలా చెప్పేశాను.

ఆవిడ రోజా పేరు మళ్ళీ అడిగి రాసుకుంది. తర్వాత, "పన్నెండో తేదీన ఇంటర్వ్యూకి అమ్మాయిని విశాఖపట్నం తీసుకురండి," అంది.

పన్నెండు ఎంతో దూరం లేదు. దారిలో రైలు ఆలస్యమైతేనో, దానికి జ్వరం తగిలితేనో, వాళ్ళడిగేది దానికి రాకపోతేనో అని భయంగానే ఉంది. అయినా ఆ సాయంత్రం ఇంటికి బస్సెక్కగానే, పక్క సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకు మా అమ్మాయి గురించి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.