పులి పిలుపు
కాలేజీ రోజుల్లో కుక్కను చూసి గోడెక్కినందుకు స్నేహితులు అతనికి "పులి" అని పేరు పెట్టారు. తల నెరిసినా ఆ పేరు వదల్లేదు. ఇప్పుడు పులిని చూద్దామని ఆ స్నేహితులతోనే అడవిలో జీపెక్కిన దగ్గర్నుంచీ అదే గోల.

"ఒరే పులీ, మీ చుట్టాలెక్కడ్రా?" అంటూ ముందు సీట్లోంచి వాళ్లలో ఒకడైన ప్లీడరు అతని ప్రాణం తోడేస్తున్నాడు. అతను వెనక సీట్లో పళ్లు నూరుకుంటూ, మొహం వెనక దారివైపు తిప్పుకుని కూర్చున్నాడు.

అంతలో జీపు వెనక పొదల్లోంచి అసలు పులే వచ్చి దారి మధ్యలో నిలబడింది.

"పులి!" అన్నాడు అతను.

"తెలుసులేరా, కూర్చో," అన్నాడు ప్లీడరు వెనక్కి తిరగకుండానే. అందరూ పగలబడి నవ్వారు.

మళ్లీ పిలవబోయి అతను నోరు మూసుకున్నాడు. అది పొదల్లోకి వెళ్లిపోయేదాకా ఒక్కడే కళ్లారా చూశాడు.

అడవి గేటు దగ్గర జీపు దిగుతూ ప్లీడరు విసుక్కున్నాడు. "ఛీ, ఇంత దూరమొచ్చి పులిని చూడకుండానే పోతున్నాం!"

"మీ మొహాలకి అదొక్కటే తక్కువ," అన్నాడు అతను.