చిలగడ ముద్ద ముట్టలేదు

ఫ్రీజర్ తలుపు తీసిన ప్రతిసారీ బీషియా ముందు మొహం పక్కకి తిప్పుకునేది, ఆ తర్వాతే చేయి లోపలికి పెట్టేది. సోయా కుడుముల పొట్లానికీ పుట్టగొడుగుల సంచికీ నడుమ, మూడు పొరల కవర్లలో చుట్టి రబ్బరు బ్యాండ్లు బిగించిన డబ్బా ఒకటి ఉంది. అందులో ఎలుక పిల్లలున్నాయి. కళ్లు తెరవనివి, వెంట్రుకైనా మొలవనివి, చిటికెన వేలి కణుపంతవి. వాటి చర్మం ఎంత పల్చనంటే, చివరిసారి తాగిన తల్లిపాలు పొట్టలో తెల్లని మరకలా పైకే కనిపించేవి. ఆ మరక చూడకూడదనుకుంటూనే చూసేది. చూశాక ఆ పూట అన్నం సయించేది కాదు.

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో, గుడి వీధిలో, ఆమెకి అగరొత్తుల కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక పూజగది, ఆ వెనక వంటిల్లు. కూతురు పేయ్‌రూ కావోసియుంగ్ నగరంలో స్కూటర్ మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు, ఆపరేషన్ గది బయట నిలబడి మొక్కుకుంది: పిల్ల తన కాళ్ల మీద తాను నడిచేదాకా నీచు ముట్టను, నా వంటింటి గడప దాటనివ్వను.

మర్నాడు బట్టల కోసం పేయ్‌రూ అద్దె గదికి వెళితే, ఇంటావిడ ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చి చేతులు చాచినంత దూరం నుంచే అందించింది. "ఇది కూడా మీ అమ్మాయిదే. దయచేసి తీసుకుపోండి."

అందులో పాముపిల్ల. పెన్సిల్ కంటే సన్నం. నారింజ రంగు. పేరు చిలగడదుంప, పిలవడానికి చిలగడ. బీషియా రైల్లో ఇంటిదాకా ఆ పెట్టెని ఒళ్లో కాకుండా చెప్పుల మీద పెట్టుకుని వచ్చింది.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం ఫోను.

"అమ్మా, తిందా?"

"కాలెలా ఉందే?"

"కాలు డాక్టర్లు చూసుకుంటున్నారు. చిలగడ తిందా లేదా చెప్పు."

తినలేదు. మొక్కు చెడగొట్టుకోవడం ఇష్టం లేక బీషియా మొదట సోయా మాంసం పెట్టింది. మంచి రకమే, బాతు రుచి వచ్చేది, సన్నగా చీల్చి మరీ పెట్టింది. పక్కింటి ఆచున్ అది చూసి గోడకి చేరగిలబడి నవ్వింది. ఆచున్ బజార్లో పాలచేపలు కోసి అమ్ముతుంది. బీషియా కంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"పాముకి కూడా శాకాహార దీక్ష ఇప్పించావుటే!"

"నవ్వకక్కా. ఎలుక పిల్లల్ని ఎలా ముట్టుకోను చెప్పు."

చివరికి దేవతనే అడిగింది. పీఠం ముందు, దేవత జవాబు తెలిపే చంద్రవంక చెక్కల జత వేస్తే రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే దేవత నవ్విందని. నవ్విందంటే ఔననీ కాదు, కాదనీ కాదు. బీషియా ఔననే అనుకుని ఎలుకలు తెప్పించింది.

ఎలుకపిల్లని కప్పులో వేడినీళ్లలో వేసేది. కాసేపటికి రాయిలాంటిది కాస్తా మెత్తబడి, బతికున్న దానిలా చేతికి వెచ్చగా తగిలేది. అదే ఆమె ఓర్చుకోలేకపోయింది. చల్లగా ఉన్నంతసేపూ అది వస్తువు, వెచ్చబడితే పసిగుడ్డు. పాలు విరిగిన వాసన, తడి గుడ్డ వాసన కలిసి ముక్కుకి పట్టేవి. కాగితంతో అద్ది, రెండు చేతులా పట్టుకుని, పూజగదిలో ధూపపాత్ర మీద మూడుసార్లు తిప్పేది. కొట్టుకి తెచ్చిన కొత్త సరుకైనా, పేయ్‌రూ పరీక్ష పెన్నులైనా ఆ ఇంట్లో ఆ పొగ మీద తిప్పకుండా వాడింది లేదు. "కళ్లు కూడా తెరవలేదు నువ్వు. ఈసారి మంచి ఇంట్లో పుట్టు నాయనా" అనేది. అప్పుడే పట్టకారుతో పెట్టెలోకి దించేది.

చిలగడ తల ఎత్తేది. నాలుక ఒకటి రెండుసార్లు ఆడించేది. తర్వాత చెడ్డ మాట విన్న పెద్దమనిషిలా తల తిప్పుకుని కొబ్బరి చిప్ప కిందికి పోయేది.

తెల్లారేసరికి పెట్టె వెచ్చదనానికి ఆ ఎలుకపిల్ల బూడిద రంగుకి తిరిగి, ఉబ్బి, పొట్ట దగ్గర పచ్చబడి ఉండేది. మూత తీయగానే వచ్చే కంపుకి బీషియా ముక్కుకి తువ్వాలు కట్టుకునేది. పట్టకారుతో ఎత్తితే చర్మం పెట్టె అడుగుకి అంటుకుని సాగేది. ఛీ, ఏం బతుకు, అనుకునేది. పామునా తననా అన్నది ఆమెకే తెలియదు.

ఎలుకలు అమ్మిన పాముల కొట్టు కుర్రాడు వచ్చి చూశాడు. "ఆంటీ, గుడ్డులోంచి తెచ్చుకున్న బలం అయిపోయింది దీనికి. తోక దగ్గర ముడతలు చూడండి. ఈ వారం కూడా తినకపోతే, ఆనక తిందామన్నా మింగే ఓపికుండదు." గుమ్మం దాటుతూ ఇంకో మాట అన్నాడు. "సూదితో ఎలుక తల గుచ్చండి. లోపలి రసం వాసనకి తింటాయి."

ఆ రాత్రి బీషియా సూదుల డబ్బా తీసి, మళ్లీ మూసి పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం ఆచున్ ఫోను పట్టుకుని నిలబడింది. తెరలో పేయ్‌రూ, ఆస్పత్రి దిండు మీద, జుట్టు చిక్కుపడి. బీషియా సూది తీసింది. కళ్లు మూసుకుని గుచ్చితే వేలికి దిగుతుందని తెరిచే గుచ్చింది. చిన్న పుర్రె చిట్లిన చప్పుడు చెవికి వినపడలేదు, వేళ్లకి తెలిసింది. తెల్లగా ఒక చుక్క పొంగింది, సోయాపాల మీద మీగడలాగా. ఇంక ఈ జన్మలో సోయాపాలు తాగలేనని ఆ క్షణమే అర్థమైంది. గొంతులోకి పుల్లగా ఎగదన్నుకొచ్చిన దాన్ని మింగేసి, ఎలుకని రెండు చేతుల్లోకి తీసుకుని పూజగది వైపు నడిచింది. ఇంత ఘోరం చేశాక తిప్పకుండా ఎలా? ఆచున్ ఫోనుతో వెనకే వచ్చింది.

"అమ్మా, ఆగు. పెట్టె అటుంటే నువ్విటు పోతున్నావేంటి?"

బీషియా ఎలుకని ధూపపాత్ర మీదికి చాచింది. మూడుసార్లు తిప్పింది. పొగ చేతుల చుట్టూ అల్లుకుంది.

"అమ్మా! రోజూ ఇలాగే చేస్తున్నావా?"

"మరి? దిక్కులేని దానిలా ఊరికే పడేస్తామా? అదీ ఒక ప్రాణమే కదే."

తెరలో పేయ్‌రూ మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది బీషియా. "నవ్వించకమ్మా, కుట్లు లాగుతున్నాయి" అని వినపడింది. "చిలగడ కళ్లతో చూసి తినదు. నాలుకతో వాసన పట్టి తింటుంది. దానికి తెలిసినంతలో నువ్వు రోజూ చందనం చెక్క పెడుతున్నావు!"

"ఓసి నీ తెలివి తెల్లారా! పాముకి ప్రసాదం పెడుతున్నావుటే!" అంది ఆచున్.

బీషియా అరచేయి వాసన చూసుకుంది. ఏమీ తెలియలేదు.

"నీకేం తెలుస్తుందే? నాకు చేప కంపు తెలుస్తుందా?" అంది ఆచున్. ఈసారి నవ్వకుండానే.

పొగ అంటనిది ఆ ఇంట్లో మేడ మీది స్నానాలగది ఒక్కటే. పెట్టె అక్కడికి చేరింది. బీషియా ఉప్పుతో చేతులు తోముకుంది. బట్టలన్నీ అగరు కంపేనని ఆచున్ ముక్కు మూసుకుంటే, పేయ్‌రూ బడిరోజుల నాటి ప్లాస్టిక్ వానకోటు బిగించుకుంది. పొగ తగిలిన ఎలుక పనికిరాదు. ఇంకొకటి తీయాలి. మళ్లీ వేడినీళ్లు, మళ్లీ ఆ పొట్టలో మరక, మళ్లీ సూది.

గుచ్చాక ఆగిపోయింది. వానకోటు లోపల చెమట వీపంతా పాకుతోంది.

"ఏమీ అనకుండా ఎలాగే? దానికి మళ్లీ పుట్టే దారెలా తెలుస్తుంది?"

ఫోనులోంచి పేయ్‌రూ గొంతు చిన్నగా వచ్చింది. "తర్వాత అను అమ్మా. నీ దేవత ఎక్కడికీ పోదు. చిలగడ పోతుంది."

బీషియా పెదాలు బిగించి పట్టకారు దించింది.

నాలుక ఆడింది. మళ్లీ ఆడింది. తల వెనక్కి పోయింది. అయిపోయింది, ఇదీ అంతే అనుకునేలోపు చిలగడ ఎగిరి కరిచింది. పట్టకారు అదిరింది. బీషియా కెవ్వుమంది గాని వదల్లేదు. పాము ఎలుకకి రెండు చుట్లు చుట్టి, తల వెతుక్కుని, దవడలు విప్పింది. ఒక పక్క దవడ ముందుకి, ఇంకో పక్క దవడ ముందుకి, దొంగ నడకలా. గుచ్చిన చోట తెల్లటిది పాము పెదవికంతా పూసుకుంది. తల పోయింది, భుజాలు ఇరుక్కున్నాయి, బయట రెండు గులాబీ కాళ్లు చాచుకుని ఉన్నాయి. తడి చప్పుడు. బీషియాకి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. చూపు తిప్పుకుంటే అది కక్కేస్తుందేమోనని తిప్పుకోలేదు.

"మింగు తల్లీ, మింగు. ఇంకొక్క ముద్ద. అంతే, అయిపోయింది" అంటోంది నోరు.

"పేయ్‌రూ, విన్నావుటే?" అంది ఆచున్ ఫోనులోకి. "నీ వెనక గంజి గిన్నె పట్టుకుని వీధంతా తిరిగినప్పుడూ ఇదే పాట!"

 తెరలో పేయ్‌రూ కళ్లు పెట్టె మీదే ఉన్నాయి. కాళ్లు కూడా లోపలికి పోయి, మెడ దగ్గర ఉబ్బు మెల్లగా కిందికి జారాక, "తిందమ్మా" అంది.

"ఆ, తింది" అని బీషియా పక్కనే ఉన్న బకెట్లో వాంతి చేసుకుంది. ఆచున్ వీపు రాసింది. చేప కంపు చేత్తోనే.

మొహం కడుక్కున్నాక కొట్టులోకి దిగి, ఉన్నవాటిలో అన్నిటికంటే సన్నని కడ్డీ తీసింది. పూజగదిలో వెలిగించలేదు. వీధి దాటి, ఎదుటి గోడ వారనున్న పూలకుండీలో గుచ్చి వెలిగించింది. తిప్పడానికి చేతిలో ఏమీ లేదు. వట్టి చేతులే కాసేపు జోడించి నిలబడింది.

"ఎవరికే అది?" అంది ఆచున్ గుమ్మంలోంచి.

"ఇవాళ మా ఇంట్లో అన్నమైన వాడికి. పొగలో వృథా చేసిన వాళ్లకి కూడా."

ఆచున్ గుమ్మం దిగి వచ్చి, పక్కన నిలబడి తనూ చేతులు జోడించింది. 

రాత్రి భోజనానికి టోఫూ వేడి చేసుకుని కూర్చుంది. ఫోను మోగింది.

"అమ్మా, అరిగాక వచ్చే వారం ఇంకోటి పెట్టాలి. ఈసారి కొంచెం పెద్దది."

"పెద్దదా?"

"వెంట్రుకలు మొలిచింది."

బీషియా కుడిచేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎన్నో ఏళ్లకి తన చేతుల్లోంచి తనకే ఒక వాసన తెలిసింది. పాలు, తడి గుడ్డ. లేచి మళ్లీ కడుక్కుంది, మళ్లీ చూసుకుంది. పోలేదు.

"సరే. తెప్పిస్తాలే. నువ్వేమైనా తిన్నావా?" అంది. వాసన పోని కుడిచేతిలోంచి అన్నం తినే పుల్లలు ఎడమచేతిలోకి మార్చుకుని, వంకరగా, కిందా మీదా పడుతూ, ఒక టోఫూ ముక్కని పట్టుకుంది.