ఆ వాల్వును ఎవరు కొట్టారు?

మా కోడివేపుడు కొట్టు వంటగదిలో ఒడెస్సా ప్రూయిట్ చెయ్యి కాలినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కళ్ళారా చూశాను కనుక చెబుతున్నాను, ఎవరైనా కాదంటే నా ముందుకొచ్చి చెప్పమనండి.

మధ్యాహ్నం రద్దీ కాస్త తగ్గింది. కోడిముక్కలు వేపే ఫ్రయ్యర్ అడుగున ఉన్న వాల్వు తిప్పి, నూనెను కిందికి దించి వడకట్టాలి. చల్లారేదాకా ఆగమని గోడమీద కాగితం అంటించి ఉంది. ఆగితే బయట కార్లలోనే కూర్చుని కొనేవాళ్ళ వరస నిలిచిపోతుంది. వరస నిలిస్తే ఒక్కో కారుకు ఎంతసేపు పట్టిందో చూపే కంపెనీ తెర ఎర్రబడుతుంది. అందుకని ఎవరూ ఆగరు. ఆ వాల్వేమో బిగుసుకుపోతుంది, పటకారుతో ఒక్కటి వేస్తేగానీ కదలదు. డేటన్ ఊళ్ళో ఆ కంపెనీ కొట్లు ఎన్ని ఉంటే అన్నిట్లోనూ అంతే. కొత్తగా చేరినవాళ్ళకు టోపీ ఎలా పెట్టుకోవాలో చెప్పి, ఆ వెంటనే ఆ దెబ్బ ఎలా వెయ్యాలో నేర్పుతాం.

ఆ రోజు ఒడెస్సా వేసింది. వాల్వు తిరగలేదు, ఊడిపడింది. మరిగే నూనె ఆమె కుడిచేతి మీద మోచేతిదాకా పడింది. ఆ మనిషి అంత నొప్పిలోనూ "దగ్గరికి రావద్దు, జారతారు!" అని మమ్మల్నే అరిచింది.

కొట్టు యజమాని క్రౌస్ పరుగెత్తుకొచ్చాడు. మొదట అడిగిన మాట, "పటకారుతో కొట్టావా?"

సాయంత్రానికి కంపెనీ మనిషి దిగాడు. పటకారును ఫోటో తీసుకున్నాడు. చెయ్యి ఎలా ఉందని అడగలేదు. ఊడిన వాల్వునే మళ్ళీ బిగించమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఒడెస్సా దావా వేసింది. చర్చి కింది హాల్లో మీటింగు పెట్టుకున్నాం. కాఫీ, ఎవరో తెచ్చిన మొక్కజొన్న రొట్టె, మా అందరి భయం. లాయరు హాలరన్ అనే ఆవిడ విడమరిచి చెప్పింది.

"యజమాని మీద దావా కుదరదు. పనిలో దెబ్బ తగిలితే బీమా ఇచ్చి చేతులు దులుపుకుంటాడు, చట్టం అంతే. మన దావా కంపెనీ మీద. ఆ ఫ్రయ్యరే కొనాలని శాసించింది, తెర పెట్టి నూనె వేడిమీదే వడకట్టేలా తరిమింది వాళ్ళే."

"వాళ్ళేమంటున్నారు?" అన్నాను.

"మేం పేరు మాత్రమే అద్దెకిచ్చాం, కొట్టు క్రౌస్‌ది, పనివాళ్ళు క్రౌస్ మనుషులు అంటున్నారు."

"ఓహో! టోపీ మీద వాళ్ళ పేరు, చొక్కా మీద వాళ్ళ పేరు, డబ్బా మీద వాళ్ళ పేరు. కాలిన చెయ్యి మాత్రం ఎవరిదో!" అన్నాడు ఎర్ల్. వంటగదిలో మా అందరికంటే పాతవాడు. అందరూ నవ్వారు. హాలరన్ నవ్వలేదు.

"ఇంకొకటుంది. తప్పు ఎవరిది ఎంతో జ్యూరీ వాటాలు వేస్తుంది. సగానికి మించి తప్పు మిస్ ఒడెస్సాదే అని తేలితే ఆమెకు ఏమీ రాదు. వాల్వు మీద బలం వాడకూడదని నియమం ఉంది, ఈమె ఒక్కతే తప్పింది అని వాళ్ళ వాదన. మీరు కూడా కొడతారని ప్రమాణం చేసి చెబితేనే ఆ వాదన కూలుతుంది."

వాల్వును కొట్టబోమని చేరినరోజే అందరం సంతకం పెట్టాం. కొట్టానని ఒప్పుకుంటే మర్నాడే ఇంటికి.

వెనక తలుపు దగ్గర క్రౌస్ నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాం. "నోళ్ళు విప్పితే కంపెనీ నా బోర్డు పీకేస్తుంది. అప్పుడు నేనూ లేను, మీరూ లేరు," అన్నాడు.

"వాల్వు మార్చమని నువ్వే వాళ్ళతో తగువు పెట్టుకున్నావు కదయ్యా!" అన్నాను.

"పెట్టుకున్నా. దావా వేస్తానంటే కొట్టు తెరిచినప్పుడు నేను సంతకం పెట్టిన ఒప్పందం చూపించారు. అందులో కోర్టుకు వెళ్ళే హక్కే లేదట. వాళ్ళ ఊరెళ్ళి, మధ్యవర్తి ముందు గది తలుపులేసుకుని ఏడవాలట." క్రౌస్ వెళ్ళిపోయాడు. వాడి మీద నాకు జాలి వేసింది, నిజమే, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

ఎర్ల్ లేచాడు. "మిస్ ఒడెస్సా, కంపెనీ రాజీకి వచ్చిందిగా. నోరు మూసుకుంటే ఇస్తామన్న డబ్బు తీసుకో. మా పొట్టలెందుకు కొడతావు?"

ఒడెస్సా కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేను నోరు మూసుకుంటే ఆ వాల్వు అక్కడే ఉంటుంది. మీ అమ్మాయి కొరిన్ తూర్పు వీధి కొట్టులో అదే ఫ్రయ్యర్ ముందు నిలబడుతోంది కదా ఎర్ల్. దానికి ఆ దెబ్బ నేర్పిందెవరు?"

ఎర్ల్, "నేనే," అన్నాడు. కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు.

వాంగ్మూలాలు కంపెనీ లాయరు లైల్ ఆఫీసులో. విచారణకు ముందే ప్రమాణం చేయించి, ప్రతి మాటా టైపు చేయిస్తారు. ఒక్కొక్కరినే పిలిచారు. ఎర్ల్ మొదట వెళ్ళాడు. బయటికొచ్చి, "చెప్పేశాను డీనా," అన్నాడు. ముఖాన నెత్తురుచుక్క లేదు.

తర్వాత నేను.

"ఒడెస్సా ప్రూయిట్ వాల్వును పటకారుతో కొట్టడం చూశారా?" లైల్ గొంతు తేనె పూసినట్టుంది.

"చూశాను."

"అది నిషేధమని తెలుసా?"

"తెలుసు. నేనూ కొడతాను."

"అడిగినదానికే జవాబు చెప్పండి."

"నిన్న కూడా కొట్టాను. ఇవాళ మీరు పిలవకపోతే ఇవాళా కొట్టేదాన్ని."

"ప్రమాణం మీద నియమోల్లంఘన ఒప్పుకుంటున్నారు. ఫలితం తెలుసా?"

"కొట్టకుండా ఆ వాల్వు తిప్పేవాణ్ణి మీ కంపెనీలో ఒక్కణ్ణి చూపించండి. అప్పుడు నా ఫలితం నాకిద్దురు గాని."

టైపు చేసే అమ్మాయి ఒక్క క్షణం తలెత్తి నన్ను చూసింది. నా తర్వాత వెళ్ళినవాళ్ళందరూ అదే మాట. సగంలో లైల్ ఆ ప్రశ్న వెయ్యడం మానేశాడు. మీరూ కొడతారా అని మా లాయరు హాలరనే అడిగింది.

సోమవారం పొద్దున పనికి వెళ్ళేసరికి క్రేన్ వచ్చి ఉంది. బోర్డు దించుతున్నారు. తలుపుకు కొత్త తాళం. క్రౌస్ తన కారుకు ఆనుకుని నిలబడి, "తృప్తేనా?" అన్నాడు. కబురు విని వచ్చిన ఒడెస్సా ముఖం చూడలేకపోయాను.

అప్పుడు వీధి మలుపులో అదే టోపీలు, అదే చొక్కాలు కనిపించాయి. తూర్పు వీధి కొట్టువాళ్ళు, ముందు కొరిన్.

"డ్యూటీలో ఉండాల్సిన దానివి కదే!" ఎర్ల్ కంగారుపడ్డాడు.

"నాన్నా, మేమూ కొడతాం. మా పేర్లూ సాక్షుల్లో రాయించండి," అంది కొరిన్. "మా కొట్టులో పొద్దుటి నూనె వడకట్టే వేళయింది. ఎవ్వరం వాల్వు ముట్టుకోలేదు. కొత్తది పెట్టేదాకా ముట్టుకోం."

వాళ్ళ వెనకే పోలీసు కారు. కంపెనీవాళ్ళే పిలిచారని వేరే చెప్పనక్కర్లేదు. పోలీసు క్రౌస్‌ను అడిగాడు. "ఇది మీ స్థలమేనా? వీళ్ళను పంపించమంటారా?"

క్రౌస్ మా వైపు చూడలేదు. అవునన్నట్టు తలూపాడు.

"వెళ్ళిపోండి. లేదంటే అరెస్టు చేస్తాను."

ఒక్కరూ కదలలేదు. పోలీసు అందరికంటే ముందున్న ఒడెస్సా దగ్గరికొచ్చాడు. ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. కట్టు లావుగా ఉంది, సంకెల పట్టలేదు. అతను ఇంకాస్త బిగించి చూశాడు. ఆమె పళ్ళు కరుచుకుంది.

"ఆమెను వదులు. నాకెయ్యి," అని ఎర్ల్ చేతులు చాచాడు. పక్కన కొరిన్ చాచింది. నేను చాచాను. రెండు కొట్ల జనం చుట్టూ చేరి చేతులు చాచారు.

ఆ పోలీసు దగ్గర అన్ని సంకెళ్ళు లేవు.