చప్పుడు లేని ట్రాక్టర్

కొరిన్ పెరట్లోంచి నవ్వు వినిపించింది. మే నెల, గురువారం, పొద్దున తొమ్మిది గంటలు. పదకొండేళ్లుగా ఆ పెరట్లో పని జరిగేటప్పుడు ఎవరి నవ్వూ ఎవరికీ వినబడలేదు. ఎందుకంటే ఆ పని చేసేది నేనూ, నా ఎర్ర పెట్రోలు ట్రాక్టరూ. దాని మోతకి పక్కలోయలో ఆవులు పాలు ఎగ్గొడతాయని మా అక్క నార్మా అంటుంది.

కిటికీ తెర జరిపి చూశాను. రోడ్డవతల ఆ వెండెల్ హాస్కిన్స్ తన కరెంటు ట్రాక్టర్ మీద దర్జాగా కూర్చుని రాళ్లబల్ల లాగుతున్నాడు. మా వెర్మాంట్ కొండల్లో ఏటా మొదటి పంట రాళ్లే. చలికి గడ్డకట్టిన నేల వసంతంలో కరుగుతూ కొత్త రాళ్లను పైకి తోస్తుంది. వాటిని చక్రాల్లేని చెక్కబల్ల మీదికి దొర్లించి, ట్రాక్టర్‌తో లాక్కెళ్లి సరిహద్దు గోడ మీద పేర్చాలి. కొరిన్ భర్త పోయినప్పటి నుంచి ఆ రాళ్లు నావి. ఆమె వాకిట్లో మంచు కూడా నాదే. ఇక్కడ ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. బండి ఉన్నవాడు లేనివాళ్ల వాకిలి శుభ్రం చేస్తాడు. అప్పుడప్పుడు వాడి గుమ్మంలో గుడ్డ కప్పిన కేకు కనబడుతుంది.

ఇప్పుడు నా రాళ్లు వెండెల్ లాగుతున్నాడు! మనిషి బళ్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. రెండేళ్ల క్రితం మా రోడ్డు చివర పచ్చ ఇల్లు కొన్నాడు. ఎవరి పశువులకొట్టంలోనో యాభై ఏళ్లనాటి ఆ బండి దొరికితే తెచ్చి, తుప్పు గీకి, ఆరు పెద్ద బ్యాటరీలు పెట్టాడు. వాటి బరువుకే అది నేలని కరుచుకుని పోతుంది. చక్రం జారదు, పొగ రాదు, చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడమే నా కొంప ముంచింది.

"జింకలు రాకూడదని ఆపిల్ చెట్టుకి సబ్బు కట్టాను కదా," అంటున్నాడు వాడు, రాయి లాగుతూనే. "నా జింక ఆ సబ్బే తినేసింది!"

"అబద్ధాలాడకు వెండెల్!" కొరిన్ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒట్టు. పొద్దున్నే వచ్చి ఇంకోటి ఉందా అన్నట్టు చూస్తోంది."

తెర వదిలేశాను. దాచుకోవడం దేనికి, కొరిన్ అంటే నాకు ప్రాణం. పదకొండేళ్లలో ఆ ముక్క ఒక్కసారీ చెప్పలేదు. చెప్పే బదులు రాళ్లు మోశాను.

మధ్యాహ్నం అక్క కొట్టుకి వెళ్లాను.

"ఏరా, ఆముదం తాగినట్టున్నావు?" అంది నార్మా.

"వాడిది ట్రాక్టర్ కాదక్కా. చక్రాలున్న టార్చిలైటు."

"మరి నీదో? చక్రాలున్న పిడుగు. ఒరేయ్ మెరిల్, ఆడమనిషితో మాట్లాడాలంటే ముందు ఇంజిన్ ఆపాలిరా. కొరిన్ ఇంటి దగ్గర ఎప్పుడైనా ఆపావా?"

"వేడెక్కాక ఆపితే మళ్లీ రెండు గంటల దాకా స్టార్టవదు. నీకు తెలీదా?"

"అయితే ఏడ్చి ముఖం కడుక్కో. శనివారం వెండెల్ ఆమె పెరట్లో ఆ మేపుల్ చెట్టు మొద్దు కూడా పీకుతాడట."

ఆ మొద్దు! రెండేళ్లుగా నేను పీకుతానన్న మొద్దు. పోయినేడు గొలుసు కట్టి లాగితే నా చక్రాలు గిర్రున తిరిగి, ఆమె ఉల్లిమడిలో రెండు గోతులు పడ్డాయి గానీ మొద్దు ఈషణ్మాత్రం కదల్లేదు. వాడు దాన్ని పీకేస్తే ఇక ఆ పెరట్లో నాకు పనేముంది? పని లేనివాణ్ని ఆ గేటు ఎందుకు రానిస్తుంది?

శుక్రవారం సాయంత్రం అగ్నిమాపక కేంద్రంలో చిక్కుడుగింజల విందు. ఏటా ఊరంతా వస్తుంది. వెండెల్ వచ్చాడు, కొరిన్ పక్కనే కూర్చున్నాడు, ఆమె పళ్లెంలో హామ్ మాంసం ముక్క వేశాడు. నాకు కళ్లలో నిప్పులు పోసుకున్నట్టయింది. సగం తిన్న పళ్లెం వదిలేసి, పెరటి తలుపులోంచి బయటపడి, తిన్నగా వాడి షెడ్డుకి పోయాను. ఇంకా బాగా వెలుతురే ఉంది. బండి గోడకి ప్లగ్గు పెట్టుకుని చార్జవుతోంది, దొంగ పిల్లిలా కళ్లు మూసుకుని. రాళ్ల పనికి దాని కడుపు ఖాళీ అయి ఉంటుంది. ప్లగ్గు పీకాను. తిరిగొచ్చి ఇంకో పళ్లెం చిక్కుడుగింజలు తిన్నాను. అంత రుచి ఎన్నడూ ఎరగను.

శనివారం ఎనిమిదింటికే కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాను. వెండెల్ వచ్చాడు. మొద్దుకి గొలుసు చుట్టాడు. బండి ముందుకి కదిలింది, నిమ్మళంగా. గొలుసు బిగిసింది. ఒక పక్క వేళ్లు పటపటమని తెగాయి. నా గుండె కూడా దాంతోపాటే. అంతలో బండి మందగించింది. ఇంకో అడుగు వేసి ఆగిపోయింది. వెండెల్ దిగి చుట్టూ తిరిగాడు. నేను ఒక్కణ్నే గదిలో చప్పట్లు కొట్టాను.

ఇక తాడేసి నన్నే లాక్కెళ్లమంటాడు, ఆమె ఎదురుగానే లాక్కెళ్తాను అనుకుంటూ బూట్లు తొడుక్కుంటున్నాను. ఇంతలో కొరిన్ వంటింటి కిటికీలోంచి పసుపుపచ్చ వైరొకటి బయటికొచ్చింది. వెండెల్ దాన్ని బండికి తగిలించాడు. ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి పోయారు.

అప్పుడు వెలిగింది నా బుర్రకి. ఆ బండి కడుపు నిండాలంటే ఎనిమిది గంటలు పడుతుంది. అంతసేపూ వాడు ఆ ఇంట్లోనే! కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో చిన్నప్పుడు అమ్మ చెబితే నవ్వాను. ఆ రోజు కూర్చుని గోక్కున్నాను.

పదింటికి కాఫీ వాసన రోడ్డు దాటింది. పన్నెండింటికి ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఒంటిగంటకి వసారాలోకి రెండు కుర్చీలొచ్చాయి, మాటలు, నవ్వులు. రెండు దాటాక నవ్వులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నవ్వుల కంటే పాడుది. మూడింటికి ఇక తట్టుకోలేకపోయాను. గొలుసు భుజాన వేసుకుని, మోత వినబడకుండా ఎప్పటిలాగే చెవులకి కప్పులు పెట్టుకుని, నా ఎర్ర బండి ఎక్కాను. వాడి బండి శవాన్ని లాక్కెళ్లి వాడి షెడ్డులో పడేస్తే గానీ నాకు అన్నం దిగదు.

రోడ్డు దాటి పెరట్లోకి పోయేసరికి కొరిన్ మెట్లు దిగి నా బండికి అడ్డంగా నిలబడింది. తాళం తిప్పినట్టు చేత్తో సైగ చేసింది. ఆమె మాట కాదంటానా? ఆపేశాను. చెవికప్పులు తీశాను.

"హమ్మయ్య," అంది. "ఈ పెరట్లో మీరు దీన్ని ఆపడం ఇదే మొదలు మెరిల్. ఈ మెట్ల మీద నిలబడి ఏళ్ల తరబడి మిమ్మల్ని కాఫీకి పిలిచాను. మీరు చెయ్యి ఊపి వెళ్లిపోయేవారు."

"మీరు... చెయ్యి ఊపుతున్నారనుకున్నాను."

"చేతిలో కప్పుండేది కదండీ!"

ఆమె చేతిలో ఏముందో నేనెప్పుడు చూశాను? ముఖమే చూసేవాణ్ని.

"మీకిష్టం లేదేమోననుకున్నాను," అంది. "పోయినేడు పిలవడం మానేశాను."

ఇప్పుడు పిలుస్తోందిగా అనుకున్నాను. అరవయ్యారేళ్ల వెధవని, మోకాళ్లలో కొత్త రక్తం ఎక్కినట్టు మెట్లెక్కాను.

వంటింట్లో వెండెల్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"విచిత్రం మెరిల్," అన్నాడు. "నిన్న చార్జింగ్ పెట్టాను. నేనే ప్లగ్గు తీసి మరిచిపోయానేమో, వయసుకదా అనుకున్నాను. కానీ వైరు నేనెప్పుడూ కింద పడేస్తాను. పొద్దున చూస్తే ఎనిమిది ఆకారంలో చుట్టి, కొసని ఆ చుట్ట నడుముకి కట్టి, మేకుకి తగిలించి ఉంది."

నేను ఊరి రోడ్ల పనిలో ముప్ఫైనాలుగేళ్లు చేశాను. తాడు గానీ వైరు గానీ చేతిలోకొస్తే దానంతటదే చుట్టుకుపోతుంది. పీకిన వైరుని చుట్టి తగిలించిన సంగతి నాకు అప్పటిదాకా గుర్తే లేదు. కొరిన్ నా భుజం మీది గొలుసు వైపు చూసింది. అదీ ఎనిమిది ఆకారంలోనే ఉంది, కొస నడుముకి కట్టి.

"ఎలుకలై ఉంటాయి," అన్నాను.

"చాలా పద్ధతిగల ఎలుకలు," అంది కొరిన్.

"ఆ ఎలుకకి దండం పెట్టాలి," అన్నాడు వెండెల్. వాడి గొంతులో వెటకారం లేదు, అదే నన్ను చంపింది. "ఏడాదిగా ఈమెని ఒకటి అడగాలనుకుంటున్నాను. మొన్నా పనైపోగానే భయమేసి ఇంటికి పోయాను. ఇవాళ బండి కదల్లేదు. పారిపోవడానికి సాకు లేకపోయింది. రెండు గంటలకి పెళ్లి మాట అడిగేశాను."

"రెండుంపావుకి నేను సరేనన్నాను," అంది కొరిన్, బల్ల మీది గుడ్డ సర్దుతూ.

ఆ పావుగంటలో ఏం ఆలోచించిందో నేను అడగలేదు. సంతోషం అన్నాను. ఇద్దరితోనూ చేయి కలిపాను. బయటికొచ్చి బండెక్కి తాళం తిప్పాను. దగ్గింది. ఇంకోసారి తిప్పాను. దగ్గు కూడా లేదు. పెరట్లో సగం పీకిన మొద్దు, కడుపు నింపుకుంటున్న వాడి బండి, కదలని నా బండి. గోడ మీది పిచ్చుక గింజ కొరుకుతున్న చప్పుడు కూడా వినబడుతోంది.

"మెరిల్! కాఫీ!"

మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో కప్పుంది. ఈసారి చూశాను.

"పంచదార ఎన్ని చెంచాలు? అది కూడా తెలీదు నాకు."

"రెండు!" అన్నాను. మాట కేకలా వచ్చింది. ఆ పెరట్లో నాకు మెల్లిగా మాట్లాడే అలవాటు లేదు.